నువ్వెవరని అడగని సరిహద్దు: డేన్లు, జర్మన్ల మధ్య ష్లెస్విగ్ కథ

1842 నవంబర్ 11న, ఇవాళ డెన్మార్క్, జర్మనీల సరిహద్దుకు రెండు వైపులా ఉన్న ష్లెస్విగ్ ప్రాంతపు సభలో పీటర్ హియోర్ట్ లోరెంజెన్ అనే వర్తకుడు మాట్లాడటానికి లేచాడు. ఆ సభలో నడిచేది జర్మన్ భాష. ఆయన కూడా అంతకు ముందు జర్మన్‌లోనే మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం డేనిష్‌లో మొదలుపెట్టాడు. అధ్యక్షుడు అభ్యంతరం చెప్పాడు, సభలో గోల లేచింది. ఆయన ఆపలేదు. సభ నివేదికలో 'ఆయన డేనిష్‌లోనే మాట్లాడుతూ పోయారు' అనే మాట చేరింది. ఆ ఒక్క మాట డెన్మార్క్ అంతటా నినాదంలా పాకిపోయింది.

విచిత్రం ఏమిటంటే, ఆ సభను ఏర్పాటు చేసింది డెన్మార్క్ రాజు. ఆ నేలను ఏలుతున్నదీ ఆయనే. అలాంటి చోట డేనిష్ మాట్లాడితే అంత గొడవ ఎందుకైంది? దానికి జవాబు కావాలంటే వెయ్యేళ్లు వెనక్కి వెళ్లాలి.

డేన్లకూ జర్మన్లకూ మధ్య సరిహద్దు తగాదా అనగానే గీతకు అటు ఒక జాతి, ఇటు ఒక జాతి నిలబడి కొట్టుకున్నట్టు ఊహించుకుంటాం. ష్లెస్విగ్‌లో పరిస్థితి అలా లేదు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో రెండూ కలిసే ఉండేవి. అక్కడ బడిలో ఒక భాష, సంతలో ఒక భాష, ఇంట్లో ఇంకో భాష. డేనిష్, దాని దక్షిణ జట్లండ్ మాండలికం, ప్రామాణిక జర్మన్, ఉత్తర జర్మనీ పల్లెల్లో మాట్లాడే లో జర్మన్, పడమటి తీరాన ఉత్తర ఫ్రీసియన్: అన్నీ ఒక చిన్న ప్రాంతంలోనే. 'ఇంతకీ నువ్వు ఎటువైపు?' అని ఆ మనిషిని నిలదీయడం మొదలయ్యాకే రక్తం పారింది.

మట్టి కట్ట, నది, ఒక పాత మాట

డెన్మార్క్ పడమటి భాగమైన జట్లండ్ ద్వీపకల్పం జర్మనీ భూభాగం నుంచి ఉత్తరంగా పొడుచుకొచ్చి ఉంటుంది. దాని దక్షిణ భాగంలో ఒక చోట నేల బాగా సన్నబడుతుంది. పడమర చిత్తడి నేలలు, తూర్పున ష్లై అనే సముద్రపు పాయ. మధ్యలో మిగిలిన కాస్త పొడి నేల మీదుగానే సైన్యాలైనా, పశువుల మందలైనా నడవాలి. సరిగ్గా అక్కడే డేన్లు డానెవిర్క్ అనే మట్టి కట్ట కట్టారు. 8వ శతాబ్దానికి ముందే మొదలైన ఆ కట్టను తర్వాతి రాజులు పెంచుతూ, పొడిగిస్తూ వచ్చారు. 12వ శతాబ్దంలో మొదటి వాల్డెమార్ రాజు దానికి ఇటుక గోడ చేర్చాడు. అన్నీ కలిపితే 30 కిలోమీటర్లకు పైగా పొడవు. పక్కనే హెడెబీ అనే వైకింగుల కాలపు వ్యాపార పట్టణం ఉండేది. 2018లో ఆ రెండింటినీ యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

811లో డేన్ల రాజు హెమ్మింగ్‌కూ ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్‌కూ సంధి కుదిరింది. ఐడర్ నది హద్దుగా నిలిచింది. నదికి ఉత్తరాన ష్లెస్విగ్, దక్షిణాన హోల్‌స్టైన్. మొదటిది డెన్మార్క్ రాజు కింద ఉండే సామంత రాజ్యం, రెండోది జర్మన్ల పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో భాగం. గీత ఇంత స్పష్టంగా ఉంటే తగాదాకు తావే లేదనిపిస్తుంది. కానీ పెళ్లిళ్లు, వారసత్వాలు, భూముల కొనుగోళ్లతో హోల్‌స్టైన్ ప్రభు వంశాలు మెల్లగా ష్లెస్విగ్‌లోకి వచ్చి స్థిరపడ్డాయి. రెండు సంస్థానాల పెద్దలూ బంధువులైపోయారు.

1459లో అక్కడి పాలకుడు వారసుడు లేకుండా చనిపోయాడు. 1460లో రీబె పట్టణంలో పెద్దలందరూ చేరి డెన్మార్క్ రాజు మొదటి క్రిస్టియన్‌నే తమ పాలకుడిగా ఎన్నుకున్నారు. బదులుగా ఆయన కొన్ని హామీలు రాసిచ్చాడు. వాటిలో ఒకటి, ఈ రెండు సంస్థానాలూ 'ఎప్పటికీ కలిసే, విడదీయకుండా' ఉంటాయన్నది. అప్పటి సందర్భంలో అది పెద్దల ఆస్తులకూ శాంతిభద్రతలకూ ఇచ్చిన భరోసా. ముప్పై ఏళ్లు తిరగకముందే, 1490లో, రాజు కొడుకులిద్దరూ ఆ సంస్థానాలను పంచుకున్నారు. 1544లో మళ్లీ మూడు వాటాలయ్యాయి. ఎవరూ పాత కాగితం తీసి అడగలేదు.

అడిగింది నాలుగు వందల ఏళ్ల తర్వాత. 19వ శతాబ్దపు జర్మన్ జాతీయవాదులు ఆ వాక్యాన్ని పాత దస్తావేజుల్లోంచి బయటికి తీసి జెండా మీదకి ఎక్కించారు. ష్లెస్విగ్‌నూ హోల్‌స్టైన్‌నూ విడదీయరాదు, హోల్‌స్టైన్ జర్మనీది, కాబట్టి ష్లెస్విగ్ కూడా జర్మనీదే అన్నది వాళ్ల వాదన. డేనిష్ జాతీయవాదులు కూడా తక్కువ తినలేదు. వాళ్లు 811 నాటి నదిని పట్టుకుని 'ఐడర్ దాకా డెన్మార్క్' అన్నారు. ఒకరికి పాత దస్తావేజు, ఇంకొకరికి పాత నది. ఆ నేల మీద బతుకుతున్న మనిషిని మాత్రం ఇద్దరూ అడగలేదు.

రాజు ఒక్కడే, భాషలు రెండు

ఆ దస్తావేజుకూ ఈ వాదనలకూ మధ్య కాలంలో, అంటే 16 నుంచి 18వ శతాబ్దం దాకా, భాష అనేది తగవులమారి విషయమే కాదు. డెన్మార్క్ రాజు ఏలుబడిలో డేన్లు, నార్వే వాళ్లు, ఐస్‌లాండ్ వాళ్లు, జర్మన్లు అందరూ ఉండేవాళ్లు. 1773 దాకా డెన్మార్క్ సైన్యంలో ఆజ్ఞలు జర్మన్‌లోనే ఇచ్చేవారు. హాంబుర్గ్ పక్కనే ఉన్న జర్మన్ మాట్లాడే ఆల్టోనా, ఆ రాజ్యంలో కోపెన్‌హాగన్ తర్వాత అతి పెద్ద పట్టణం.

ఈ కలగలుపు మన దాకా కూడా వచ్చింది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి అప్పట్లో డేన్ల స్థావరం. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపగా 1706లో అక్కడికి చేరిన మిషనరీ బార్తొలొమేయస్ జీగెన్‌బాల్గ్ జర్మన్. ఆ తర్వాత అదే మిషన్‌లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ కూడా జర్మనే. ఆయన మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిల్‌ను తెలుగులోకి అనువదించాడు. ఆయన తెలుగు పుస్తకాలు కొన్ని 1740లలో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయ్యాయి. డెన్మార్క్ రాజు పంపిన జర్మన్ ఒకాయన తెలుగు వ్యాకరణం రాస్తుంటే 'ఇతను ఏ దేశం తరఫున?' అన్న అనుమానం ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు.

నెపోలియన్ యుద్ధాలు ఆ ప్రపంచాన్ని కూల్చాయి. ఓడిన పక్షాన ఉన్నందుకు 1814లో డెన్మార్క్ నార్వేను పోగొట్టుకుంది. 1815లో జర్మన్ సమాఖ్య ఏర్పడితే హోల్‌స్టైన్ అందులో చేరింది, ష్లెస్విగ్ చేరలేదు. రాజు మాత్రం రెండింటికీ డెన్మార్క్ రాజే. అంటే ఒకే మనిషి ఒక చోట సర్వాధికారి, ఇంకో చోట జర్మన్ సమాఖ్య సభ్యుడు. దీనికి తోడు వారసత్వ చట్టాలు వేరు. డెన్మార్క్‌లో ఆడపిల్లల వైపు నుంచి కూడా సింహాసనం దక్కుతుంది. సంస్థానాల్లో అది కుదరదని జర్మన్ పక్షం వాదన. రాజవంశంలో మగ సంతానం అడుగంటుతుండటంతో ఈ న్యాయశాస్త్ర చర్చ కాస్తా టెన్షన్‌గా మారింది.

ప్రజల భాషేమో పై నుంచి వచ్చిన ఈ గీతలకు ఎక్కడా ఒదగదు. ష్లెస్విగ్‌లోని ఫ్లెన్స్‌బుర్గ్ పట్టణానికి దక్షిణాన ఉన్న ఆంగెల్న్ ప్రాంతపు రైతులు 19వ శతాబ్దం మొదట్లో తమ డేనిష్ మాండలికాన్ని వదిలి లో జర్మన్‌కు మారిపోయారు. ఎవరూ బలవంతం చేయలేదు. చర్చి, బడి, వ్యాపారం జర్మన్‌లో నడుస్తుంటే పిల్లలకు పనికొచ్చే భాష నేర్పుకున్నారు. అదే సమయంలో, ఇంట్లో డేనిష్ మాండలికం మాట్లాడుతూనే మనసులో జర్మనీ వైపున్నవాళ్లు ఉన్నారు. జర్మన్ తప్ప మరొకటి రాకపోయినా డెన్మార్క్ రాజుకు ప్రాణమిచ్చే వాళ్లూ ఉన్నారు. భాషను బట్టి మనిషి మనసు లెక్కగట్టడం ఇక్కడ మొదటి నుంచీ తప్పిన లెక్క. హియోర్ట్ లోరెంజెన్ ఆ రోజు సభలో డేనిష్ ఎత్తుకోవడం అంత పెద్ద సంచలనం అయ్యిందీ అందుకే. భాష ఎంచుకోవడం అంటే పక్షం ఎంచుకోవడమని నలుగురికీ తెలిసేలా చెప్పినట్టయింది.

రెండు యుద్ధాలు

1848 మార్చిలో యూరప్ అంతటా విప్లవాలు చెలరేగాయి. కోపెన్‌హాగన్‌లో జనం ష్లెస్విగ్‌ను డెన్మార్క్‌లో పూర్తిగా కలపాలని ఊరేగింపు తీశారు. హోల్‌స్టైన్‌లోని కీల్ పట్టణంలో జర్మన్ పక్షం తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించి, మార్చి 24న రెండ్స్‌బుర్గ్ కోటను చేజిక్కించుకుంది. అలా మొదలైన యుద్ధం మూడేళ్లు సాగింది. డేన్లు దాన్ని 'మూడేళ్ల యుద్ధం' అంటారు, జర్మన్లు 'తిరుగుబాటు' అంటారు. మొదట, అప్పటి జర్మన్ రాజ్యాల్లో బలమైన ప్రష్యా సైన్యం సంస్థానాల తరఫున దిగింది. రష్యా, బ్రిటన్ ఒత్తిడితో అది వెనక్కి తగ్గాక, 1850 జులై 25న ఇస్టెడ్ దగ్గర డెన్మార్క్ సైన్యమూ సంస్థానాల సైన్యమూ తలపడ్డాయి. రెండు వైపులా కలిపి 60 వేల మందికి పైగా. డేన్లు గెలిచారు. ఒకే రాజు ప్రజలు ఒకరినొకరు చంపుకున్న యుద్ధం అది. అన్నదమ్ములు చెరో సైన్యంలో ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి.

గెలుపుకు గుర్తుగా 1862లో ఫ్లెన్స్‌బుర్గ్ పాత శ్మశానంలో, సైనికుల సమాధుల పక్కన, డేన్లు పెద్ద కంచు సింహాన్ని నిలబెట్టారు. హెర్మన్ విల్హెల్మ్ బిస్సెన్ చెక్కిన ఆ సింహం తల ఎత్తి కూర్చుని ఉంటుంది. పట్టణంలో జర్మన్ పక్షం వాళ్లకు అది రోజూ కళ్లలో గుచ్చుకునేది. ఆ సింహం సంగతి మళ్లీ వస్తుంది.

గెలిచిన డెన్మార్క్ చేసిన పొరపాటు యుద్ధరంగంలో కాదు, బళ్లలో. 1851లో మధ్య ష్లెస్విగ్‌లో ఇళ్లలో ఇంకా డేనిష్ మాండలికం మిగిలి ఉన్న ఊళ్లన్నిటా బడి చదువు డేనిష్‌లోనే ఉండాలని, చర్చిలో ఒక వారం డేనిష్, ఒక వారం జర్మన్ అని ఉత్తర్వులు వచ్చాయి. చచ్చిపోతున్న భాషను బతికిద్దామన్నది ఉద్దేశం. ఫలితం తలకిందులైంది. తమ పిల్లల బడి భాషను కోపెన్‌హాగన్ నిర్ణయించడం నచ్చని తల్లిదండ్రులు, అప్పటిదాకా ఏ పక్షమూ పట్టని వాళ్లు కూడా, జర్మన్ వైపు వెళ్లిపోయారు. తర్వాత ప్రష్యా ఇదే పొరపాటును అంతకు పదింతలు చేసింది.

1852లో లండన్‌లో పెద్ద రాజ్యాలన్నీ కూర్చుని ఒక ఏర్పాటు చేశాయి. డెన్మార్క్‌కు తర్వాతి వారసుడెవరో తేల్చాయి. ష్లెస్విగ్‌ను హోల్‌స్టైన్ కంటే ఎక్కువగా తనకు అంటకట్టుకోనని డెన్మార్క్ మాటిచ్చింది. 1863 నవంబర్‌లో ఆ మాట తప్పింది. డెన్మార్క్‌కూ ష్లెస్విగ్‌కూ ఉమ్మడి రాజ్యాంగం ఆమోదించింది. ఏడో ఫ్రెడరిక్ సంతకం చేయకముందే కన్నుమూస్తే, కొత్త రాజు తొమ్మిదో క్రిస్టియన్ నవంబర్ 18న సంతకం పెట్టాడు. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ ఎదురుచూస్తున్న అవకాశం అదే. ఒప్పందం తప్పింది డెన్మార్క్ కాబట్టి బ్రిటన్ గానీ స్వీడన్ గానీ సాయానికి రావని ఆయనకు తెలుసు. వాళ్లు రాలేదు కూడా. 1864 ఫిబ్రవరి 1న ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాలు ఐడర్ దాటాయి.

డెన్మార్క్ జనానికి డానెవిర్క్ మీద గుడ్డి నమ్మకం. వెయ్యేళ్ల కట్ట తమను కాపాడుతుందని కోపెన్‌హాగన్ పత్రికలు రాశాయి. అక్కడ సైన్యాన్ని నడుపుతున్న జనరల్ డి మెజాకు నిజం కనిపించింది. ఆ చలికాలంలో ష్లై పాయ, పక్కనున్న చిత్తడి నేలలు గడ్డకట్టాయి. కట్టను ముట్టుకోకుండానే శత్రువు పక్కనుంచి మంచు మీద నడిచి రావచ్చు. ఫిబ్రవరి 5 రాత్రి సుమారు 40 వేల మంది సైనికులు చప్పుడు చేయకుండా కట్ట వదిలి ఉత్తరంగా నడిచారు. నున్నటి మంచు మీద గుర్రాలు జారిపడుతుంటే ఫిరంగి బళ్లను మనుషులే తోశారు. పెద్ద ఫిరంగులు చాలా అక్కడే వదిలేశారు. ఆ నిర్ణయం వేలమంది ప్రాణాలు కాపాడింది. దేశం మాత్రం దాన్ని ద్రోహమనుకుంది. జనరల్ పదవి పోయింది. ఒక పాత కట్ట మీద ఉన్న మమకారం, ఎదురుగా ఉన్న మంచుగడ్డను చూడనివ్వలేదు.

అసలు పోరు ద్యుబ్బోల్ దగ్గర జరిగింది. గాలిమర ఉన్న ఒక చిన్న గుట్ట, దాని మీద మట్టితో కట్టిన రక్షణ గోడలు. ప్రష్యా ఫిరంగులు వారాల తరబడి వాటిని కూలగొట్టాయి. తూటాను వెనుక నుంచి వేసే ప్రష్యన్ తుపాకీని పడుకునే నింపుకోవచ్చు. డేన్ల తుపాకీకి గొట్టం ముందు నుంచి మందు కూరాలి, అంటే గుళ్ల వానలో లేచి నిలబడాలి. ఏప్రిల్ 18 ఉదయం ప్రష్యా దాడి చేసింది. ఆ ఒక్కరోజులో చనిపోయిన, గాయపడిన, పట్టుబడిన డేన్లు సుమారు 4,800 మంది. ప్రష్యా వైపు నష్టం 1,200 దాకా. అప్పుడే పుట్టిన రెడ్‌క్రాస్ తన ప్రతినిధులను మొదటిసారి యుద్ధరంగానికి పంపింది ఈ యుద్ధానికే. స్విట్జర్లండ్ డాక్టర్ లూయీ అప్పియా జర్మన్ల వైపు, డచ్ కెప్టెన్ వాన్ డ వెల్డ డేన్ల వైపు వెళ్లారు.

మధ్యలో లండన్‌లో జరిగిన చర్చల్లో ష్లెస్విగ్‌ను భాష ప్రకారం పంచుకుందామన్న ప్రతిపాదన వచ్చింది. గీత ఎక్కడ గీయాలో తేలక చర్చలు విఫలమయ్యాయి. మొత్తం కథలో అన్నిటికంటే బాధాకరమైన ఘట్టం ఇదే. యాభై ఆరేళ్ల తర్వాత కుదిరిన గీతకు దగ్గరగా ఉండే గీతలు ఆ బల్ల మీద అప్పుడే ఉన్నాయి. ఎవరూ దిగిరాలేదు. జూన్ 29న ఆల్స్ దీవి కూడా పోయింది. అక్టోబర్ 30న వియన్నా సంధితో ష్లెస్విగ్, హోల్‌స్టైన్, వాటి పక్కనున్న చిన్న సంస్థానం లావెన్‌బుర్గ్ మూడూ డెన్మార్క్ చేజారాయి. డెన్మార్క్ భూభాగంలో దాదాపు మూడో వంతు, జనాభాలో ఐదింట రెండు వంతుల దాకా పోయినట్టు లెక్క. రెండేళ్లలో ప్రష్యా ఆస్ట్రియాను కూడా ఓడించి ఆ నేలంతా తన రాష్ట్రం చేసుకుంది.

కాఫీ బల్ల

ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య కుదిరిన 1866 ప్రాగ్ సంధిలో, ఉత్తర ష్లెస్విగ్ జనం కోరుకుంటే ఓటు వేయించి ఆ భాగాన్ని డెన్మార్క్‌కు తిరిగి ఇవ్వాలని ఒక షరతు ఉంది. పన్నెండేళ్లు దాన్ని పట్టించుకోకుండా ఉంచి, 1878లో ప్రష్యా, ఆస్ట్రియా కలిసి కొట్టేశాయి. వేలాది మంది యువకులు ప్రష్యా సైన్యంలో చేరడం ఇష్టంలేక అమెరికాకో, డెన్మార్క్‌కో వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల మీద ఒత్తిడి పెరిగింది. 1888 నుంచి బడుల్లో మత పాఠాలకు మిగిల్చిన కొన్ని గంటలు తప్ప చదువంతా జర్మన్‌లోనే. 1898 తర్వాత గవర్నర్ కెలర్ హయాంలో డెన్మార్క్ పౌరసత్వం ఉన్న పాలేర్లనూ పనిమనుషులనూ ఇళ్లనుంచి పట్టుకెళ్లి సరిహద్దు దాటించారు. యజమాని తన పిల్లలను డేనిష్ బడికి పంపాడనో, మీటింగుకు వెళ్లాడనో అతని దగ్గర పనిచేసేవాళ్లకు ఆ శిక్ష.

దీనికి వచ్చిన జవాబు ఆయుధాలతో రాలేదు. భాషా సంఘం, ఓటర్ల సంఘం, బడి సంఘం పుట్టాయి. ఊరూరా సొంత డబ్బుతో సమావేశ మందిరాలు కట్టుకున్నారు. అధికారులు వాటికి మద్యం లైసెన్సు ఇవ్వలేదు. సరే, కాఫీ తాగుదామన్నారు. ఇంటింటి నుంచి ఆడవాళ్లు కేకులు, బిస్కెట్లు చేసుకుని వచ్చేవాళ్లు. ఎవరి ఇంటిది బాగుందో అని పోటీ. అలా బల్ల నిండిపోయేది. ఏడు రకాల మెత్తటివి, ఏడు రకాల కరకరలాడేవి ఉండాలన్నది ఆనవాయితీగా మారింది. ఇవాళ దక్షిణ జట్లండ్ (ఉత్తర ష్లెస్విగ్‌కు డేన్లు పిలిచే పేరు) వెళ్లిన అతిథికి గొప్పగా వడ్డించే కాఫీ బల్ల అక్కడి నుంచి వచ్చిందే. రై అనే ధాన్యంతో చేసిన రొట్టె పొడితో చేసే కేకు ముక్క తింటూ నిషిద్ధ పాటలు పాడుకున్న సాయంత్రాలే ఆ భాషను నిలబెట్టాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్ తటస్థంగా ఉంది. ఉత్తర ష్లెస్విగ్ యువకులకు ఆ అదృష్టం లేదు. జర్మన్ పౌరులు కాబట్టి సుమారు 30 వేల మంది జర్మన్ యూనిఫాంలో ఫ్రాన్స్‌కు, రష్యాకు వెళ్లారు. 5 వేల మందికి పైగా తిరిగి రాలేదు. ఇప్పుడు డెన్మార్క్‌లో ఉన్న ఆ ఊళ్ల చర్చిల దగ్గర స్మారక రాళ్ల మీద డేనిష్ పేర్ల వరుసలు కనిపిస్తాయి. వాళ్లంతా జర్మనీ కోసం చనిపోయిన డేన్లు.

1920: గీత ఎలా గీశారు

జర్మనీ ఓడిపోతోందని తేలిన 1918 అక్టోబర్‌లో, జర్మన్ పార్లమెంటులో ఉత్తర ష్లెస్విగ్ సభ్యుడైన హెచ్. పి. హాన్సెన్ ఆనాటి ప్రాగ్ షరతును గుర్తుచేసి ఓటింగ్ అడిగాడు. యుద్ధం ముగిశాక కుదిరిన వెర్సాయ్ సంధి దాన్ని ఒప్పుకుంది. మిత్రరాజ్యాలు ఇంకా దక్షిణానికి, పూర్తిగా జర్మన్లున్న ప్రాంతానికి కూడా ఓటింగ్ పెడతామన్నాయి. డెన్మార్క్ ప్రభుత్వమే వద్దంది. తమతో ఉండటం ఇష్టంలేని లక్షల మందిని కలుపుకుంటే రేపు జర్మనీ కోలుకున్నాక మళ్లీ యుద్ధమేనని దాని భయం. గెలిచినవాళ్లు అడగకుండానే వడ్డిస్తుంటే చాలు అని చేయి అడ్డం పెట్టడం చరిత్రలో అరుదు. ఆ వివేకానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ప్రాంతాన్ని రెండు మండలాలుగా చేశారు. హెచ్. వి. క్లావ్‌సెన్ అనే చరిత్రకారుడు ఊరూరా భాషనూ మనసునూ పరిశీలించి అంతకు చాలా ముందే సూచించిన గీతే వాటి మధ్య హద్దు. ఇరవై ఏళ్లు నిండిన మగవాళ్లు, ఆడవాళ్లు అందరికీ ఓటు. అక్కడ పుట్టి వేరే చోట ఉంటున్నవాళ్లు కూడా రైళ్లలో, ఓడల్లో వచ్చి ఓటు వేశారు. 1920 ఫిబ్రవరి 10న మొదటి మండలంలో డెన్మార్క్‌కు 75,431 ఓట్లు, జర్మనీకి 25,329. మార్చి 14న రెండో మండలంలో జర్మనీకి 51,724, డెన్మార్క్‌కు 12,800.

ఇందులో జర్మన్లకు నచ్చని మెలిక ఒకటుంది. మొదటి మండలాన్ని మొత్తం ఒకే ముద్దగా లెక్కించారు. రెండో దాన్ని ఊరివారీగా. టోండర్ పట్టణంలో మూడొంతుల మంది జర్మనీకి ఓటేశారు. ఆబెన్రో, సోండర్‌బోర్గ్ పట్టణాల్లో కూడా జర్మనీకే మెజారిటీ. అయినా ఆ పట్టణాలన్నీ డెన్మార్క్‌కే వెళ్లాయి. ఊరివారీగా లెక్కించి ఉంటే గీత కొన్ని కిలోమీటర్లు ఉత్తరంగా జరిగేది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. రెండో మండలంలోనేమో డెన్మార్క్‌కు మెజారిటీ వచ్చింది ఫోర్ దీవిలోని మూడు చిన్న ఊళ్లలోనే. అవి జర్మనీలోనే ఉండిపోయాయి.

డేన్లలోనూ అందరూ తృప్తిపడలేదు. నాలుగింట మూడు వంతులు జర్మనీకి ఓటేసిన ఫ్లెన్స్‌బుర్గ్‌ను ఎలాగైనా తీసుకోవాలని కోపెన్‌హాగన్‌లో ఒక వర్గం పట్టుబట్టింది. రాజు పదో క్రిస్టియన్ వాళ్ల మాట విని, ఓటును గౌరవిద్దామన్న ప్రధాని సాలెను మార్చి 29న తొలగించాడు. సార్వత్రిక సమ్మె హెచ్చరికలు వచ్చాయి, రాచరికమే ఊగింది. రాజు వెనక్కి తగ్గక తప్పలేదు. ఈస్టర్ పండుగ రోజుల్లో జరిగిన ఆ సంక్షోభం తర్వాత డెన్మార్క్‌లో ఏ రాజూ పార్లమెంటును కాదని ప్రభుత్వాన్ని తీసేయలేదు. ఆ జులై 10న అదే రాజు తెల్ల గుర్రం ఎక్కి పాత సరిహద్దు దాటాడు. దారిలో ఒక చిన్నపిల్లను ఎత్తి తన ముందు జీను మీద కూర్చోబెట్టుకున్నాడు. డెన్మార్క్ బడి పుస్తకాల్లో ఇప్పటికీ ఆ సన్నివేశమే ఉంటుంది. టోండర్‌లో తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ల సన్నివేశం ఉండదు.

కొత్త గీత పొడవు 68 కిలోమీటర్లు. దాని మీద 280 రాళ్లు పాతారు. పడమట రుడ్బోల్ అనే పల్లెలో ఆ గీత వీధి వెంబడే పోతుంది.

1945 నుంచి 1955 దాకా

నాజీలు అధికారంలోకి వచ్చాక ఉత్తరాన మిగిలిన జర్మన్ మైనారిటీ ఈ గీతను చెరిపేయమని గొంతెత్తింది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్ మొత్తాన్నీ ఆక్రమించినా హిట్లర్ సరిహద్దు మాత్రం మార్చలేదు. ఆక్రమణ కాలంలో మైనారిటీ వాళ్లు చాలామంది జర్మనీకి పనిచేశారు. 1945 మే తర్వాత లెక్క చెప్పాల్సి వచ్చింది. ఫ్రోస్లెవ్‌లో జర్మన్ ఆక్రమణ కాలంలో డేనిష్ ఖైదీల కోసం కట్టిన శిబిరంలోనే ఇప్పుడు మైనారిటీకి చెందిన సుమారు 3,500 మందిని పెట్టారు. శిబిరం పేరు ఫార్‌హుస్ అని మార్చారు. యుద్ధం జరుగుతుండగా నేరం కాని పనులకు కూడా తర్వాత చేసిన చట్టంతో శిక్షలు పడ్డాయి. ఆ చేదు ఇళ్లలో రెండు మూడు తరాలు నిలిచింది. అదే 1945 నవంబర్‌లో మైనారిటీ కొత్త సంఘం పెట్టుకుని, ఈ సరిహద్దును ఒప్పుకుంటున్నాం, డెన్మార్క్ రాజుకు విధేయులమని ప్రకటించింది.

దక్షిణాన కథ తిరగబడింది. తూర్పు జర్మన్ ప్రాంతాల నుంచి లక్షల మంది శరణార్థులు వచ్చి పడటంతో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ కిక్కిరిసిపోయింది. తిండి లేదు, ఇళ్లు లేవు. ఆ సమయంలో వేలమంది స్థానికులు 'మేం డేన్లం' అని ముందుకొచ్చారు. డేనిష్ బడులు నిండిపోయాయి. డెన్మార్క్ నుంచి ఆహారం పొట్లాలు వచ్చేవి కాబట్టి పక్కింటివాళ్లు వీళ్లను 'పందికొవ్వు డేన్లు' అని ఎగతాళి చేశారు. కొందరిది ఆకలే కావచ్చు. కానీ నాజీల పన్నెండేళ్లు చూసి జర్మనీ అంటేనే విరక్తి పుట్టినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆ పేరుతో అందరినీ ఒకే గాట కట్టడం అన్యాయం. కోపెన్‌హాగన్‌లో సరిహద్దును దక్షిణానికి జరపాలన్న ఆశ మళ్లీ లేచింది. బ్రిటన్ 1946లో మీకేం కావాలని నేరుగా అడిగితే, సరిహద్దు మార్చమని కోరబోమని డెన్మార్క్ జవాబిచ్చింది. ఆ మాటకు పూర్తిగా కట్టుబడని ప్రధాని క్నుద్ క్రిస్టెన్సెన్ 1947లో పదవి పోగొట్టుకున్నాడు.

మలుపు తిప్పింది ఓట్ల లెక్క. 1953లో డెన్మార్క్ పార్లమెంటుకు జర్మన్ మైనారిటీ పది వేల లోపు ఓట్లతో ఒక సభ్యుణ్ని పంపగలిగింది. 1954లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ఎన్నికల్లో డేనిష్ మైనారిటీ పార్టీకి 40 వేలకు పైగా ఓట్లు వచ్చినా, మొత్తం ఓట్లలో 5 శాతం రాని పార్టీకి సీటు ఉండదన్న నిబంధన వల్ల ఒక్క సీటూ రాలేదు. సరిగ్గా అప్పుడే పశ్చిమ జర్మనీ నాటోలో చేరాలనుకుంటోంది, డెన్మార్క్ అందులో సభ్యదేశం. డెన్మార్క్ ఈ విషయం అక్కడ లేవనెత్తింది. 1955 మార్చి 29న బాన్‌లో రెండు ప్రకటనలు వెలువడ్డాయి. అది ఉమ్మడి సంధి కాదు. ఎవరి దేశంలో ఉన్న మైనారిటీకి వాళ్లు హామీ ఇచ్చారు, అంతే. డేనిష్ పార్టీకి 5 శాతం నిబంధన తీసేశారు. రెండు వైపులా మైనారిటీ బడుల పరీక్షలకు గుర్తింపు దక్కింది.

వీటన్నిటికంటే పెద్ద విషయం ఒక చిన్న వాక్యంలో ఉంది. నేను డేన్‌ని లేదా నేను జర్మన్‌ని అని చెప్పుకోవడం ఎవరికి వారు స్వేచ్ఛగా చేసే పని, అధికారులు దాన్ని కాదనకూడదు, తనిఖీ చేయకూడదు. తాత ఎవరని అడగరు, ఇంట్లో ఏ భాష అని అడగరు. 19వ శతాబ్దం నుంచి ఆ నేల మీద ప్రతి పాలకుడూ ఏదో ఒక రూపంలో వేసిన ప్రశ్నను ఈ వాక్యం ప్రభుత్వం చేతిలోంచి తీసేసింది. 1920 గీత మంచిదే, కానీ దానివల్లే శాంతి వచ్చిందనడం సరికాదు. ముప్పై ఏళ్లు ఆ గీతకు రెండు వైపులా జనం కుతకుతలాడుతూనే ఉన్నారు. గీత ఎటు పడినా బతుకు చెడదన్న నమ్మకం కలిగాకే అది సద్దుమణిగింది.

ఇస్టెడ్ సింహం కూడా ఆ నమ్మకం కోసమే ఆగింది. 1864 తర్వాత ప్రష్యా దాన్ని ఊడదీసి బెర్లిన్ తీసుకెళ్లి యుద్ధ బహుమతిలా నిలబెట్టింది. 1945లో అమెరికన్లు దాన్ని డెన్మార్క్‌కు అప్పగిస్తే కోపెన్‌హాగన్‌లో ఉండిపోయింది. తమ ఊరి సింహాన్ని తిరిగి ఇవ్వమని అడిగింది ఫ్లెన్స్‌బుర్గ్ నగర సభ, అంటే ఒకప్పుడు దాన్ని చూసి పళ్లు నూరిన పట్టణమే. 2011 సెప్టెంబర్‌లో అది పాత శ్మశానంలో తన చోటికి వచ్చింది. ఇప్పుడు దాని దిమ్మె మీద, ఇది డేన్లకూ జర్మన్లకూ మధ్య స్నేహానికీ నమ్మకానికీ గుర్తు అని రాసి ఉంది.

ఇక గొడవలే లేవని కాదు. 2010 ప్రాంతంలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి డేనిష్ బడి పిల్లల గ్రాంటును మిగతా పిల్లల కంటే తక్కువ చేసింది. వీధుల్లో నిరసనలు జరిగాయి, కొన్నేళ్లకు సమాన గ్రాంటు తిరిగి వచ్చింది. 2015లో డెన్మార్క్ వైపు హాదర్స్‌లేవ్‌లో ఊరి పేరు జర్మన్‌లో కూడా రాసిన బోర్డు పెడితే ఎవరో పీకేశారు. దాన్ని మళ్లీ పెట్టలేదు. 2001లో, యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందంతో లేచిపోయిన తనిఖీలు 2016 జనవరిలో శరణార్థుల పేరుతో తిరిగొచ్చాయి. 2019లో అడవిపందుల జ్వరం తమ పందుల ఫారాలకు రాకుండా డెన్మార్క్ సరిహద్దు పొడవునా మీటరున్నర ఎత్తు కంచె వేసింది. ఓటింగ్‌కు నూరేళ్ల వేడుకలు జరగాల్సిన 2020 మార్చిలో కోవిడ్ వల్ల సరిహద్దు మూసేశారు. రోజూ అటూ ఇటూ పనికి పోయే వాళ్లకు, చెరో పక్కన ఉన్న కుటుంబాలకు ఆ వారాల్లో పాత గీత మళ్లీ గట్టిగా తగిలింది.

2021లో డేనిష్, ఫ్రీసియన్ మైనారిటీల పార్టీ ఎన్నో దశాబ్దాల తర్వాత జర్మన్ పార్లమెంటులో ఒక సీటు గెలిచింది. ఆ పార్టీకి ఓటేసిన వాళ్లలో డేన్లెందరో, జర్మన్లెందరో ఎవరికీ తెలియదు. జర్మనీ వైపు డేనిష్ మైనారిటీ సుమారు 50 వేలని, డెన్మార్క్ వైపు జర్మన్ మైనారిటీ సుమారు 15 వేలని అంటారు. డేనిష్ బడికి వెళ్లే పిల్లల్లో ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్లు బోలెడంత మంది. ఆ సంఖ్యలన్నీ అంచనాలుగానే ఉంటాయి. బడి దరఖాస్తులో గానీ, ఓటరు జాబితాలో గానీ జాతి రాసే గడి లేదు. తనిఖీ చేయకూడదని రాసుకున్నారు కాబట్టి ఎవరూ వెళ్లి లెక్కపెట్టలేదు.